సూది బెజ్జం

నలభై దాటిన మగవాడికి ఈ ప్రపంచంలో తన స్థానం ఏమిటో తెలియడానికి వేదాంత గ్రంథాలు చదవనక్కరలేదు. ఒక సూదీ, ఒక మూరెడు దారమూ చేతికిస్తే చాలు.

ఆ మధ్య ఒక ఆదివారం ఉదయం నాకా జ్ఞానోదయం అయింది. పది గంటలకు ఒక పెళ్లికి వెళ్లాలి. చొక్కా తొడుక్కుంటుంటే గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. మా ఆవిడ పుట్టింటికి వెళ్లి ఉంది. గుండీ కుట్టుకోవడం ఎంత పని అనుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి, దారం కొస నాలిక మీద తడిపి, వేళ్లతో నులిమి, ఒక కన్ను మూసి గురి చూశాను. దారం సూదికి కుడిపక్కనుంచి వెళ్లిపోయింది. రెండోసారి ఎడమపక్కనుంచి వెళ్లింది. సూదిని దూరంగా పెడితే బెజ్జం కనిపిస్తుంది గాని గురి కుదరదు. దగ్గరికి తెస్తే బెజ్జమే మాయమైపోతుంది. దీన్నే చత్వారం అంటారని నాకు తెలుసు. అది ఇతరులకు వచ్చేదని ఇన్నాళ్లూ అనుకుంటూ ఉన్నాను.

"ఇటియ్యరా" అంది మా అమ్మ.

ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. రెండు కళ్లకూ శుక్లాలు తీయించాం. చూపు ఫరవాలేదు గాని చెయ్యి వణుకుతుంది. ఆవిడా మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయింది. చివరికి మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఆట మానుకుని వచ్చి, మా ఇద్దరి వంకా జాలిగా చూసి, ఒక్క క్షణంలో దారం ఎక్కించి, మళ్లీ ఆటకు వెళ్లిపోయింది.

గుండీ కుట్టింది మాత్రం అమ్మే. కుట్టి, దారం పంటితో తెంపి, "సూది కోసం సోదికి వెళితే పాత రంకులన్నీ బయటపడ్డాయట. నీ చత్వారం బయటపడింది, చాల్లే!" అంది నవ్వుతూ.

ఆ సామెత నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పి పిల్లల్ని నవ్వించాను. అది నా నెత్తికే చుట్టుకుంటుందని అప్పటికి తెలియదు. ఆ సూది వెంటపడి పోగా పోగా నాకు బయటపడింది చత్వారం ఒక్కటే కాదు.

మర్నాడు కాలేజీలో, విశ్రాంతి గదిలో కూర్చుని ఈ కథ చెప్పాను. అందరూ నవ్వారు. మా చరిత్ర లెక్చరరు ఒక్కాయన నవ్వలేదు.

"మాస్టారూ, మీరు ఓడిపోయిన ఆ బెజ్జం వయసెంతో తెలుసా?" అన్నాడు.

తెలుగు ఎమ్మే వాణ్ణి. నా ధోరణిలో నేను అందుకున్నాను. సంస్కృతంలో సూచి అంటే సూది అనీ, మన పుస్తకాల్లోని విషయసూచికలో దాగి ఉన్నది ఆ సూదేననీ, సూత్రమంటే దారమేననీ ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "నేనడిగింది మాట వయసు కాదండీ, వస్తువు వయసు" అని, సాయంత్రం ఒక కాగితాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. వారం రోజులపాటు, కళ్లద్దాలు కొనుక్కుని మరీ, ఆ కట్ట చదివాను.

సైబీరియాలో ఆల్టాయి పర్వతాల్లో డెనిసోవా అని ఒక గుహ ఉంది. అక్కడ తవ్వుతున్న రష్యా శాస్త్రజ్ఞులు తమకొక సూది దొరికిందని 2016లో ప్రకటించారు. పొడవు 7.6 సెంటీమీటర్లు. మన దబ్బనానికి తమ్ముడన్న మాట. ఏదో పెద్ద పక్షి ఎముకతో చేసింది. అది దొరికిన మట్టిపొరను బట్టి వయసు సుమారు 50 వేల ఏళ్లని వాళ్ల లెక్క. చేసినవాళ్లు మన జాతివాళ్లు కారనీ, డెనిసోవన్లనే వేరే మానవజాతి వాళ్లనీ వాళ్ల అభిప్రాయం. ఆ తగాదా ఇంకా తెగలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది దాని వయసు కాదు, దాని రూపం. బొమ్మ చూశాను. ఒక చివర మొన, ఒక చివర బెజ్జం, మధ్యన సన్నని ఒళ్లు. అంతే. కొత్తగా కలిపిందీ లేదు, తీసేసిందీ లేదు. ఇన్ని వేల ఏళ్లలో మనిషి ఇల్లు మార్చాడు, దీపం మార్చాడు, బండి మార్చాడు, దేవుళ్లను మార్చాడు. సూది రూపం మాత్రం మార్చలేకపోయాడు. ఎముక పోయి ఇనుము వచ్చింది. మా అమ్మ కుట్టుపెట్టెలో ఉన్నది ఆ సూదికి మునిమనుమరాలే.

బెజ్జం ఉన్న సూదికి ముందు ఏముండేది? ఆరె ఉండేది. మా కాలేజీ గేటు పక్కన చెప్పులు కుట్టే ముసలాయన చేతిలో చూస్తూనే ఉంటాను. తోలులో ముందు ఆరెతో పొడిచి, ఆ దారిన దారం లాగుతాడు. మొరాకోలో సముద్రపు ఒడ్డున ఒక గుహలో అరవైకి పైగా ఎముక పనిముట్లు దొరికాయని 2021లో ప్రకటించారు. 1,20,000 నుంచి 90,000 ఏళ్ల కిందటివి. వాటిలో కొన్ని తోలు బాగుచేయడానికి వాడినవి. ఆ గుహలోనే నక్కల ఎముకలూ, అడవిపిల్లుల ఎముకలూ చర్మం ఒలిచిన గాట్లతో సహా దొరికాయి. దక్షిణాఫ్రికాలో బ్లాంబోస్ గుహలో దొరికిన ఎముక ఆరెలు 70 వేల ఏళ్లు దాటినవి. పొడవడం ఒక పని, దారం లాగడం ఒక పని. ఈ రెండు పనులనూ ఒక్క వస్తువు చేత చేయించవచ్చునని ఎవరికో తోచింది. ఆ క్షణాన పుట్టింది బెజ్జం. ఆ మహానుభావుడో మహానుభావురాలో ఎవరో మనకు తెలియదు.

ఇంతకీ మట్టిలో దొరికిన ఎముక పుల్లను పట్టుకుని, ఇది తోలు కుట్టినదని ఎలా చెబుతారు? మీకు వచ్చిన సందేహమే నాకూ వచ్చింది.

సెర్గీ సెమ్యోనోవ్ అనే రష్యా పండితుడు ఈ విద్యకు దారి వేశాడు. ఆయన పుస్తకం 1957లో వచ్చింది. 1964లో ఇంగ్లీషులోకి దిగింది. పనిముట్టు ఎలా ఉందో చూసి ఊహించవద్దు, అది ఎలా అరిగిందో చూడండి అన్నాడాయన. తోలు మీద నడిచిన ఎముకకు ఒక రకం మెరుగు వస్తుంది. చెక్క మీద నడిచినదానికి వేరే రకం మెరుగు. గుండ్రంగా తిప్పితే గీతలు అడ్డంగా పడతాయి. గుచ్చి లాగితే నిలువుగా పడతాయి. ఇవన్నీ మైక్రోస్కోపు కింద కనిపిస్తాయి. అంతటితో ఆగరు. అలాటి ఎముకతోనే, రాతి పనిముట్లతోనే కొత్తసూది తయారుచేసి, నిజంగా తోళ్లు కుట్టి చూస్తారు. తమ సూది అరుగుదలను పాతసూది అరుగుదల పక్కన పెట్టి పోలుస్తారు. డాక్టరేట్లున్న పెద్దమనుషులు గంటల తరబడి కూర్చుని తోళ్లు కుట్టుతూ ఉంటారంటే నాకు వాళ్ల మీద ఎక్కడలేని గౌరవమూ కలిగింది.

సూది పుట్టుక కూడా ఆ గీతల్లోనే రాసి ఉంటుంది. ఎముక మీద చెకుముకి రాతి మొనతో పక్కపక్కన రెండు గాళ్లు గీస్తారు. గీసిన చోటే గీసి గీసి గాడి లోతు దిగాక మధ్యనున్న పుల్ల ఊడి వస్తుంది. దాన్ని గీకి, ఇసుకరాతి మీద అరగదీసి నునుపు చేస్తారు. తరవాత ఇటునుంచి సగం, అటునుంచి సగం తొలిస్తే బెజ్జం. సూదికి ప్రాణం అక్కడే, గండమూ అక్కడే. విరిగితే ముందు బెజ్జం దగ్గరే విరుగుతుంది. అలా విరిగినవాటిని పారెయ్యక, కొంచెం కిందుగా మళ్లీ బెజ్జం తొలిచి వాడుకున్న సూదులు చాలా దొరికాయి. పొదుపు మనకేదో కొత్తగా తెలిసిందనుకుంటాం!

ఈ చదువు నాకు పరాయిదిగా తోచలేదు. తాళపత్ర ప్రతుల్లో లేఖకుడి పొరపాట్లను బట్టి, ఏ ప్రతిని చూసి ఏ ప్రతి రాశారో చెప్పడం మా విద్య. గంటం గీతను మేం చదువుతాం. సూది మీది గీతను వాళ్లు చదువుతారు. తేడా ఏమిటంటే, మాకు కవి పేరు తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు లేఖకుడి పేరు కూడా తెలుస్తుంది. వాళ్లకు ఏ పేరూ దొరకదు.

పొరపాటు పడే ప్రమాదం వాళ్లకూ లేకపోలేదు. బేతంచెర్ల దగ్గర మన బిల్లసర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూటూ, ఆయన కుమారుడూ తవ్వి చాలా ఎముక పనిముట్లు దొరికాయని రాశారు. ఆ జాబితాలో ఆరెలూ ఉన్నాయి. ఆ తరవాత 1970లలో ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వినప్పుడూ ఎముక పనిముట్లు దొరికాయి. అయితే ముళ్లపంది కూడా ఎముకలు కొరుకుతుంది. ఎముక నేలలో నలిగి తనంతట తానే మొనదేలుతుంది. మనిషి చేతిపని ఏది, ముళ్లపంది నోటిపని ఏది అని తేల్చడానికి ఆ మైక్రోస్కోపే శరణ్యం.

అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసిన సంగతి ఇంకొకటుంది. ఎముకలో కొలాజెన్ అని ఒక పదార్థం ఉంటుంది. దాన్ని పరీక్షిస్తే ఆ ఎముక ఏ జంతువుదో చెప్పవచ్చు. కాని పరీక్షకు ఎముకలో కొంత ముక్క తియ్యాలి. 50 వేల ఏళ్ల వస్తువును ఎవరు గిల్లనిస్తారు? ఫ్రాన్సులో నియాండర్తల్ మనుషులు తోళ్లు రుద్ది మెత్తబరచడానికి వాడిన పక్కటెముకలు దొరికాయి. 2020లో పరిశోధకులు వాటి జోలికి పోకుండా, వాటిని దాచిపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలను పరీక్షించారు! ఇన్నేళ్లూ డబ్బా గోడకు రాసుకుని అంటుకున్న కంటికి కనిపించని రజనే వాళ్లకు సాక్ష్యం చెప్పింది. అవి అడవి ఎద్దుజాతి పక్కటెముకలని తేలింది. ఆ మనుషులు ఎక్కువగా తిన్నది దుప్పిజాతి జంతువులను. కాని పనిముట్టుకు మాత్రం గట్టి ఎముక ఏరుకున్నారు. చేతికి దొరికింది వాడుకున్నవాళ్లు కారు. ఎంచుకున్నవాళ్లు.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో సుమారు 12,900 ఏళ్ల కిందటి విడిది ఒకటి ఉంది. అక్కడ మన్ను జల్లించి 32 ఎముకసూది ముక్కలు ఏరారు. 2024లో వాటిని పరీక్షిస్తే నక్కవీ, కుందేలువీ, అడవిపిల్లి జాతివీ అని తేలింది. అన్నీ బొచ్చు కోసం పట్టిన జంతువులే. ఒళ్లు కప్పడానికి చర్మమిచ్చిన జంతువే ఆ చర్మం కుట్టడానికి సూదినీ ఇచ్చింది.

చలికి తట్టుకోవడానికే సూది పుట్టిందని నేననుకున్నాను. ఇయాన్ గిల్లిగన్ అనే ఆస్ట్రేలియా పండితుడూ, ఆయన తోటివారూ 2024లో వేరే మాట చెప్పారు. చలి బట్టలకు ఆరె చాలును. మనిషి అప్పటికే ఎన్నో వేల ఏళ్లుగా ఆరెతో తోళ్లు కుట్టుకుంటున్నాడు. తయారీకి అంత కష్టమైన బెజ్జంసూది ఎందుకు కావలసివచ్చింది? సన్నని కుట్టు కోసం, అలంకారం కోసం. ఒంటినిండా బట్ట కప్పుకోక తప్పని చలిదేశంలో ఒంటి మీద రంగులు పూసుకుంటే ఎవరికీ కనిపించవు. ఆ ముచ్చట బట్ట మీదికి ఎక్కింది. ఇదీ ఆయన వాదం.

రష్యాలో సున్గిర్ అనేచోట సుమారు 34 వేల ఏళ్ల కిందటి సమాధి ఉంది. అందులో ఇద్దరు పిల్లలు, తలా తలా ఆనించి పడుకోబెట్టి ఉన్నారు. ఒకడికి పన్నెండేళ్లుంటాయి, రెండోవాడికి తొమ్మిదో పదో. వాళ్ల ఒంటి మీద మామత్ ఏనుగు దంతంతో చేసిన పూసలు, ఇద్దరికీ కలిపి పదివేలకు పైగా ఉన్నాయి. బట్ట మట్టిలో కలిసిపోయింది. దారం మట్టిలో కలిసిపోయింది. కాని పూసలు వరసలు తప్పలేదు. ఆ వరసలను బట్టి చొక్కా ఎక్కడిదాకా వచ్చిందో, తలకు టోపీ ఎలా ఉండేదో ఊహించగలిగారు. పదివేల పూసలు! ఎవరో కూర్చుని ఒక్కొక్కటే కుట్టారు.

ఆ రాత్రి ఈ సంగతి అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "పాపం, ఎవరి పిల్లలో" అంది. అని, ఊరికే మాట వరసకు అన్నట్టు, "మీ నాన్న పంచెలు కూడా అలా ఉండిపోవలసినవే" అంది.

నాకర్థం కాలేదు.

"ఏం పంచెలమ్మా?"

"బొంతలో పెట్టి కుట్టాను గదరా."

ఆ బొంత గురించి మీకు చెప్పాలి. నేను పదో తరగతిలో ఉండగా నాన్నగారు పోయారు. ఆ ఏడాది అమ్మ ఒక బొంత కుట్టింది. ఎమ్మే చదవడానికి వెళ్లినప్పుడు నా పెట్టెలో పెట్టింది. హాస్టల్లో అందరివీ కొత్త దుప్పట్లు. నాది పాతచీరల బొంత. దీపాలు ఆర్పినాక తీసి కప్పుకుని, తెల్లవారకముందే మడిచి పెట్టెలో దాచేవాణ్ణి. అయిదేళ్ల కిందట ఇల్లు మారుతున్నప్పుడు సామాను తగ్గించుకుందామని, పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వస్తే, ఆ బొంతనూ ఇంకో నాలుగు బట్టలనూ నా చేతులతో నేనే ఇచ్చాను. ఒక స్టీలు డబ్బా ఇచ్చింది. బేరం బాగా కుదిరిందని సంతోషించాను కూడా. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "పోనీలే, పాతదేగా" అంది. ఆ డబ్బాలో మేమిప్పుడు ఇడ్లీరవ్వ పోసుకుంటున్నాం.

"పైన మీ నానమ్మ నేతచీర. అడుగున నాది. మధ్యలో మీ నాన్న పంచెలు రెండు. పైకి కనపడవు" అంది అమ్మ.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు మూట ఆవిడ చేతిలో పెట్టేశావు. చెప్పి ఏం లాభం? నువ్వు బాధపడటం తప్ప."

నేనింకేమీ అడగలేకపోయాను. ఎన్ని రాత్రులు నాన్నగారి పంచెలు కప్పుకుని పడుకున్నానో లెక్క లేదు. పడుకుంటున్నానని తెలియలేదు. తెలుసుకోవాలని తోచలేదు. డబ్బా గోడకు అంటిన రజను గీకి 50 వేల ఏళ్ల కిందటి ఎద్దు జాడ తీసేవాళ్లున్న లోకంలో, కప్పుకున్న బొంతలో ఏముందో చూడని పండితుణ్ణి నేను. వాళ్లకు అడగడానికి మనిషి లేడు. అందుకని ఎముకను అడుగుతున్నారు. నాకు అడగడానికి మనిషి పక్కగదిలోనే ఉంది.

మర్నాడు అమ్మ కుట్టుపెట్టె ముందేసుకుని కూర్చున్నాను. రేకు డబ్బా అది. సూదులు, దబ్బనం, జత కలవని గుండీలు, వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు. ఆ తొడుగును వెలుతురులో పెట్టి, కొత్త కళ్లద్దాలతో చూశాను. ఒకపక్కన కొత్తదానిలా ఉంది. రెండోపక్కన గుంటలు పడి, గుంట మీద గుంట పడి, ఒకచోట చిల్లి పడబోతోంది. సూదిని ఎప్పుడూ ఆ పక్కనే ఆనించి తోసేదన్న మాట. ఎన్ని రవికలు, ఎన్ని బొంతలు తోస్తే ఇత్తడి అలా అరుగుతుంది? నాన్నగారు పోయినాక మా ఇల్లు ఎలా గడిచిందో ఆ తొడుగు మీద రాసి ఉంది. నలభై ఆరేళ్లొచ్చి చదవగలిగాను.

"ఈ కుట్టు నీకెవరు నేర్పారమ్మా?" అన్నాను.

ఆవిడ వింతగా చూసింది. ఇంతవరకూ ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు. నేర్పింది మా నానమ్మట. ఆవిడకు నేర్పింది వాళ్ల మేనత్తట. ఆవిడకు పిల్లలు లేరట. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ పాతచీరతో పొత్తిగుడ్డలు కుట్టి ఇచ్చేదట. ఆవిడ పేరు కూడా చెప్పింది అమ్మ. కాగితం మీద రాసుకున్నాను. కవుల వంశవృక్షాలు ఎన్నో కంఠస్థం చేశాను గాని, ఈ వంశవృక్షం నా పుస్తకంలో లేదు.

ప్రస్తుతం మా ఇంట్లో ఒక బొంత తయారవుతోంది. మా ఆవిడ తన చీరలు రెండిచ్చింది. మధ్యలో పెట్టడానికి నా పాత పంచెలు నేనే తీసి ఇచ్చాను. మా అమ్మాయి బడికి వెళ్లేముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి వెళుతుంది. అమ్మ మంచం మీద కూర్చుని ఎలా కుట్టాలో చెబుతుంది. కుట్టేది నేను.

నిన్న సాయంత్రం ఒక వరస పూర్తిచేసి, ఎలా ఉందని ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వేళ్లతో తడిమి చూసింది. వరస సగం దాకా తిన్నగా వెళ్లి, అక్కడినుంచి తన ఇష్టం వచ్చినట్టు వెళ్లింది.

"ఎన్ని వేల ఏళ్ల తరవాత తవ్వి తీసినా, ఇది నువ్వు కుట్టిందేనని ఇట్టే చెప్పేస్తారురా" అంది.

విప్పి మళ్లీ కుట్టనా అన్నాను. వద్దంది.